విడివిడిగా కొన్న కెమెరా

ఆ పెళ్లిళ్ల సీజన్లో మా ఇంట్లో కెమెరా తప్ప మరో మాట వినపడలేదు. భోజనాల దగ్గర కెమెరా, బట్టలు ఆరేసే తీగ దగ్గర కెమెరా. పక్కింటావిడ గిన్నె తిరిగిచ్చి పోదామని వస్తే ఆవిడ చెవిలోనూ కెమెరా. నేనైతే నిద్రలో "ఈ లెన్సు వద్దు తల్లీ, లోపల బూజు పట్టింది" అని కేక పెట్టానట. మా కోడలు చెప్పింది. ఆ పిల్లకి అబద్ధాలు రావు కాబట్టి నిజమే అయ్యుంటుంది. ఆ విద్య మా ఇంట్లో నాకొక్కడికే పట్టుబడింది.

నేను సైకిళ్లు బాగుచేసేవాణ్ణి. ఒక దుకాణంలో చక్రాలు, ఇంకో దుకాణంలో హ్యాండిలు, పాత సామాన్ల కొట్లో సీటు కొనుక్కొచ్చి, అన్నీ కలిపి బిగిస్తే కొత్త సైకిలు సిగ్గుపడేది. అలా బిగించిన సైకిలొకటి, తొక్కేవాడు మధ్యలో దిగిపోయినా ఆగకుండా తిన్నగా వాడి అత్తగారింటికి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడిందని చెబితే జనం నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఆ అత్తగారు బతికుంటే ఆవిణ్ణే అడగమనేవాణ్ణి.

ఇక మా వాడు. వాడు నూలు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూసేసిన రోజు ఇంటికొచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. చలి పోయింది, ఎండలొచ్చాయి, వాడు మాత్రం కుర్చీలోనే ఉన్నాడు. తిండికీ పడకకీ లేచేవాడనుకోండి. మాటలు మాత్రం మిల్లులోనే వదిలేసి వచ్చాడు. ఏదైనా అడిగితే "ఊఁ" అనేవాడు. మళ్లీ అడిగితే ఆ ఊఁ కూడా ఉండేది కాదు.

ఇంట్లోకి వచ్చేది మా కోడలి జీతం ఒక్కటే. బజారు వీధి స్టూడియోలో ఆల్బమ్‌లు అతికించేది. ఆ స్టూడియో యజమానిని ఊరంతా 'నవ్వండి గారు' అనేది. కెమెరా ఎత్తితే నవ్వండి, దించితే నవ్వండి. ఆయన మాత్రం నవ్వగా చూసినవాళ్లు లేరు. ఒక సాయంత్రం మా కోడలు వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయింది.

"నవ్వండి గారు నా బల్ల తీసేస్తున్నారు మామయ్యా."

"తీసేస్తే కింద కూర్చుని అతికించు. బల్ల నీకు మొక్కుబడా?"

"అతికించడానికి ఏమీ ఉండదట. సీజన్ అయిపోయాక ఆల్బమ్‌లన్నీ బయట మిషన్ మీదే చేయిస్తారట." కొంగుతో మొహం తుడుచుకుంది. "కానీ ఒక మాటన్నారు. సొంత కెమెరా తెచ్చుకుంటే పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫోటోలు నన్ను తీయమన్నారు. నీకు కన్నుందమ్మా అన్నారు."

"ఒకటేనా? నాకు రెండు కనబడుతున్నాయే!"

నవ్వింది. నవ్వి మా వాడి వైపు తిరిగింది. "ఏవండీ, మిల్లు వాళ్లిచ్చిన డబ్బుంది కదా. అందులో కొంత తీయనా?"

"ఊఁ" అన్నాడు మా వాడు.

అలా మొదలైంది. ఆదివారం వస్తే చాలు, నేనూ మా కోడలూ బస్సెక్కి కెమెరాల సందుకి వెళ్లేవాళ్లం. మొదటి దుకాణంలో అద్దాల తలుపు, చల్లని గాలి, మెడకి టై కట్టుకున్న మనిషి.

"మొదటి డీఎస్ఎల్ఆరా మేడం? అయితే ఇది తీసుకోండి. బాడీ, దాంతోపాటే కిట్ లెన్స్, సంచీ ఫ్రీ. అందరూ దీంతోనే మొదలుపెడతారు."

"దేంతో ఆపేస్తారు బాబూ?" అని అడిగాను.

ఆయన నన్ను వదిలేసి మా కోడలితో మాట్లాడటం మొదలుపెట్టాడు. తెలివైనవాడే. ఆ పిల్ల కెమెరా అటూ ఇటూ తిప్పి చూసి, "కాసేపు ఈ లైట్లు ఆర్పుతారా?" అంది. ఆయన బిత్తరపోయి ఒక వరస ఆర్పాడు. ఆ మసకలో నన్ను నిలబెట్టి ఫోటో తీసింది. చూస్తే నాకు ఒక మొహం మీద ఇంకో మొహం ఉంది.

"ఈ లెన్స్ హాల్లోకి పనికిరాదు మామయ్యా" అంది బయటికొచ్చాక. "వెలుతురు తగ్గితే తడబడుతుంది. ఫ్లాష్ కొడితే పెళ్లివాళ్లంతా ఆసుపత్రిలో ఉన్నట్టొస్తారు. నవ్వండి గారి దగ్గర పాత లెన్స్ ఒకటుంది. జూమ్ లేదు ఏమీ లేదు, మందుల డబ్బీ అంత ఉంటుంది. దాంతో చిన్న బల్బు కింద కూడా మొహాలు వెలిగిపోతాయి."

అయినా సరే, ఉన్న డబ్బుకి అదే వస్తుంది కాబట్టి మరుసటి ఆదివారం ఆ కిట్టే తెచ్చుకుందామనుకున్నాం. ఈలోపు మా వాడికి పన్ను నొప్పి వచ్చింది. దవడ గుమ్మడికాయంత అయింది. డాక్టరు పన్ను పీకాడు. ఆ పన్నుతోపాటే మా కొత్త కెమెరా కూడా ఊడిపోయింది.

ఇక మిగిలింది సెకండ్ హ్యాండే. సందు చివర పాత కెమెరాలమ్మే కొట్లు వరసగా ఉంటాయి. ఒకదాంట్లో లెన్స్ లోపల బూజు. ఇంకోదాంట్లో బ్యాటరీ ఉబ్బి కెమెరాలోంచి బయటికి రాదు. నేను ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాణ్ణి.

"అదేమైనా కొబ్బరికాయా మామయ్యా?" అనేది మా కోడలు.

"యంత్రం ఏదైనా ఒకటేనమ్మాయ్. లోపల వదులుంటే చెవికి చెబుతుంది. ఒకసారి ఒక సైకిలు నా చెవిలో తన యజమాని అప్పులన్నీ చెప్పేసింది."

బస్సులో తిరిగొస్తుంటే ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుంది.

"మామయ్యా, మీరు సైకిలు ఎలా కడతారు?"

"ఎక్కడ ఏది చవగ్గా దొరికితే అక్కడ అది కొని..."

"మరి కెమెరా ఎందుకలా కట్టకూడదు? ఒక కొట్లో బాడీ ఒక్కటే కొందాం. ఇంకో కొట్లో ఆ డబ్బీ లెన్స్ కొందాం. రెండూ ఒకే కంపెనీవైతే కూర్చుంటాయి. కొట్లవాళ్లిద్దరూ ఉత్త ముక్కలు కదా అని తక్కువకే ఇస్తారు."

నాకు ఒళ్లు పులకరించింది. కన్నకొడుకు ఏనాడూ పానా పట్టుకోలేదు. నా చేతి విద్య కోడలికి వచ్చిందే అనుకున్నాను. బస్సులో పక్కవాళ్లకి కూడా చెప్పాను.

బాడీ ఆ సందు చివర, కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన కొట్లో దొరికింది. చిన్నది, తేలిగ్గా ఉంది, ఒక మూల రంగు పోయింది. ఆయన తన లెన్స్ ఒకటి తగిలించి చూపించాడు. టక్కున తీసింది, చక్కగా తీసింది. నేను ఊపి చూశాను. లోపల ఏదీ మాట్లాడలేదు. కొన్నాం.

లెన్స్ మాత్రం వీధికి అవతల, మెట్లెక్కి వెళ్లే కొట్లో ఉంది. మెట్ల కిందే నేను మా కోడల్ని ఆపేశాను.

"అమ్మాయ్, బాడీ సంచీలోంచి బయటికి తీశావో, మన పని అయిపోయినట్టే. సగం కెమెరా చేతిలో పట్టుకుని వచ్చామంటే మిగతా సగం మనకి ఎంత అవసరమో వాడికి అర్థమైపోతుంది. ధర చెట్టెక్కిస్తాడు. మనం ఊరికే చూడటానికొచ్చాం. అర్థమైందా?"

"మీరు మాట్లాడకపోతే అర్థమైనట్టే."

కొట్లో ఆయన లెన్స్ తీసి తన పెద్ద కెమెరాకి, ఇటుకంత ఉంటుంది, దానికి తగిలించి మా కోడలికిచ్చాడు. మీట నొక్కగానే లెన్స్ జుయ్‌మని తిరిగి ఫోకస్ పట్టింది. గోడ మీద గడియారం ముళ్లు కత్తుల్లా వచ్చాయి. మా కోడలి మొహం చూసి నాకు భయమేసింది. ఆ మొహం చూస్తే ఎవడైనా ధర పెంచుతాడు. గభాలున అడ్డం నిలబడి, మా చుట్టాల్లో ఒకాయన లెన్స్ పెట్టుకుని చంద్రుడి మీద దోమని ఫోటో తీశాడని మొదలుపెట్టాను. దోమ ఎగిరిపోయేలోపు బేరం తెగింది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని గోడ మీద రాసుంది. మేం చదివాం కూడా. చదివి సంతోషంగా మెట్లు దిగాం.

ఇంటికొచ్చి రెండూ కలిపింది. టక్‌మని కూర్చుంది. ఆ చప్పుడు వినగానే నేను "చూశావా!" అన్నాను. మా కోడలు కన్ను ఆనించి మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. లెన్స్ తీసి, తుడిచి, పెట్టి నొక్కింది.

"ఏమైంది తల్లీ?"

"తిరగట్లేదు మామయ్యా."

మర్నాడు మెట్ల కొట్టాయన బాడీ చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో, నిన్న ఇది చూపించలేదేమమ్మా? ఇది పాత రకం లెన్స్, దీంట్లో మోటారుండదు. పెద్ద కెమెరాల కడుపులో మోటారుంటుంది, అదే లెన్స్‌ని తిప్పుతుంది. ఇలాంటి చిన్న బాడీల్లో ఆ మోటారుండదు. వీటికి మోటారున్న లెన్సే కొనాలి." దాని ధర చెప్పాడు. మేమిద్దరం ఒకేసారి సంచీ మూసేశాం.

దార్లో మా కోడలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

"చేత్తో తిప్పుకోవచ్చు మామయ్యా" అంది ఇంటి మలుపు దగ్గర. "వెనకటి రోజుల్లో అందరూ చేత్తోనే తిప్పేవారట."

"వెనకటి రోజుల్లో పెళ్లికూతుళ్లు కదిలేవాళ్లు కాదమ్మా."

ఆ సాయంత్రం నుంచే సాధన మొదలైంది. చేత్తో లెన్స్ తిప్పుతూ ఫోకస్ పట్టడం నేర్చుకోవాలంటే ఎదురుగా కదలని మనిషి కావాలి. మా ఇంట్లో దానికి కొదవ లేదు. కిటికీలోంచి పొద్దువాలే వెలుగు మా వాడి మీద పడే వేళకి మా కోడలు కెమెరా పట్టుకుని ఎదురుగా పీట వేసుకునేది. వాడు పట్టించుకునేవాడు కాదు. గోడని తీసినా వాణ్ణి తీసినా ఒకటే. అయితే ఫోటోలు మాత్రం, ఏం చెప్పను, వాడి కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనబడేవి. తండ్రినై ఉండి వాడి ముక్కు మీద మచ్చ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు మా కోడలు యథాలాపంగా, "కొంచెం గడ్డం ఎత్తండి" అంది.

ఎత్తాడు.

మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. చూసుకుంటే దించేస్తాడేమోనని.

పెళ్లి పిలుపు వచ్చింది. నవ్వండి గారు అన్న మాట ప్రకారం పెద్ద హాల్లో మగవాళ్ల వైపు తను ఉండి, ఆడవాళ్ల వైపు మా కోడల్ని వదిలేశాడు. సంచీ మోయడానికి నేను వెళ్లాను. లోపల అడుగుపెట్టగానే నాకు సంగతి బోధపడింది. మా వాడితో సాధన చేసి ఇక్కడికి రావడమంటే, తొట్టిలో ఈత నేర్చుకుని సముద్రంలో దూకినట్టే. ఒక్క మనిషి నిలకడగా లేడు. పిల్లలు కుర్చీల సందుల్లో పరుగులు, ఆడవాళ్లు మెడలు తిప్పుతూ కబుర్లు, పెళ్లికూతురైతే పాదరసం. మా కోడలు లెన్స్ తిప్పేది, అంతలో మొహం అక్కడుండేది కాదు. మళ్లీ తిప్పేది.

నాకు చేతనైన సాయం నేను చేశాను. జనంలోకి వెళ్లి, "అమ్మా, ఇది చాలా అరుదైన కెమెరా. దీనిముందు కదిలితే ఫోటోలో రెండు ముక్కులొస్తాయి. మొన్న ఒకావిడకి వస్తే ఇంకా తగ్గలేదు, రెండు రుమాళ్లు వాడుతోంది" అని చెప్పాను. పిల్లలు ఊపిరి బిగపట్టి బొమ్మల్లా నిలబడ్డారు. ఒకళ్లిద్దరు పెద్దవాళ్లు కూడా. రెండు మూడు ఫోటోలు బాగా పడ్డాయి. ఆ తర్వాత పిల్లలకి నవ్వాగక పకపకా పడిపోయారు. ఎక్కడి హడావిడి అక్కడే.

అప్పుడు గుమ్మంలో కలకలం. రానే రాదనుకున్న పెళ్లికూతురి అమ్మమ్మని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పెళ్లికూతురు చూసి, చేతిలోది ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తింది. ముసలావిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. ఎవరూ పట్టుకోకుండానే నిలబడింది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు వాటేసుకున్నారు. హాలంతా ముక్కులు ఎగబీల్చింది. నవ్వండి గారు అవతలి కొస నుంచి జనాన్ని తోసుకుని వచ్చేసరికి అయిపోయింది. అక్కడున్న కెమెరా మా కోడలిదొక్కటే. ఆ పిల్ల వేళ్లు లెన్స్ మీద తిరగడం నేను చూశాను. మీట నొక్కిన చప్పుడు కూడా విన్నాను.

మర్నాడు స్టూడియోలో నవ్వండి గారు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క ఫోటో జరిపాడు. మేం వెనకాల నిలబడ్డాం. మసక, మసక, ఒకటి బాగుంది, మసక. అమ్మమ్మ ఫోటో వచ్చింది. ముందు ఇద్దరు మనుషులు పొగలా ఉన్నారు. వాళ్ల వెనకాల ఖాళీ కుర్చీ మాత్రం, దాని మీద పరిచిన దుప్పటి మడతలు కూడా లెక్కపెట్టొచ్చు.

నవ్వండి గారు దాన్ని చాలాసేపు చూశాడు.

"ఫ్రేము సరిగ్గా పెట్టావమ్మా" అన్నాడు. "చెయ్యి ఎక్కడుండాలో అక్కడే ఉంది."

"మోటారున్న లెన్స్ కొంటాను సార్. కాస్త..."

"కొను. కొన్నాక చూద్దాం. పిలుస్తాను."

ఆయన తిట్టలేదు. తిట్టేవాడైతే మళ్లీ పిలుస్తాడని నాకు ఆశ ఉండేది. బయటికొస్తుంటే, "పెద్దాయనా, చల్లటి మంచినీళ్లు తాగి వెళ్లండి" అన్నాడు. ఇక అయిపోయిందని అప్పుడు తెలిసింది.

పిలుపు రాలేదు. సీజన్ సగానికొచ్చింది, దాటింది. వీధి చివరి హాలు ముందు రోజుకో పెళ్లి దీపాలు వేసి పీకేవాళ్లు. సీజన్ అయిపోయేదాకా కూడా ఆగకుండా స్టూడియోలో బల్ల తీసేశారు. మా కోడలు ఒక లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనికి కుదిరింది. ఆ జీతం అద్దెకి సరిపోయేది, తిండికి సరిపోయేది కాదు. ఎవరూ అనలేదు గానీ, కెమెరా అమ్మక తప్పదని ముగ్గురికీ తెలుసనుకున్నాను.

ఇద్దరికే తెలుసు. మూడోవాడు వేరే ధ్యాసలో ఉన్నాడు.

ఎందుకంటే సాయంత్రాల ఫోటోలు ఆగలేదు. లాండ్రీ నుంచి రాగానే మా కోడలు చేతులు కడుక్కుని కెమెరా తీసేది. దేనికి తీస్తోందో నేను అడగలేదు. మా వాడు ఒకరోజు గడ్డం గీసుకున్నాడు. ఇంకోరోజు నీలం చొక్కా వేసుకున్నాడు. "ఈ పక్కకా?" అని అడిగాడొకసారి. ఆ రాత్రి నేను నా కళ్లు ఎవరికీ కనబడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను.

కళ్లజోడాయన కొనేవాణ్ణి చూపించాడు. ఆ పెద్దమనిషి ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంట్లో కుండీలు పెంచుకుంటూ, ఆ పూలని ఫోటోలు తీసుకోవాలనుకుంటున్నాడు.

"దీనికి మోటారు లేదండీ. చేత్తో తిప్పుకోవాలి" అంది మా కోడలు. నేను కాలు తొక్కినా ఆగలేదు.

"పూలు ఎక్కడికి పారిపోతాయమ్మా?" అన్నాడాయన. కెమెరా వెనకాల తెరమీద ఉన్న ఫోటోలు జరిపి చూడసాగాడు. మా వాడు, మా వాడు, మళ్లీ మా వాడు. "అబ్బా! ఎంత బాగా తీశారు! ఎవరీయన?"

"మా ఆయన."

"ఎంత నిలకడగా కూర్చున్నారు! ఏం చేస్తుంటారు?"

"కూర్చోవడమేనండీ" అన్నాను నేను. "ఆ పనిలో వాణ్ణి మించినవాడు చుట్టుపక్కల లేడు. పొరుగూళ్ల నుంచి వచ్చి నేర్చుకుని పోతుంటారు."

ఆయన పడీ పడీ నవ్వాడు. మా కోడలు కూడా నవ్వింది. నవ్వుతూనే, "ఫోటోలున్న కార్డు కూడా ఇచ్చేయాలా?" అంది.

"కలిపే కదమ్మా ధర. కావాలంటే ఈ ఫోటోలు మీ ఫోన్లోకి పంపించుకోండి. నేను ఆగుతాను."

ఆ పిల్ల కెమెరా చేతిలోకి తీసుకుంది. "వద్దులెండి. మనిషి ఇంట్లోనే ఉన్నాడుగా" అని, అన్నిటినీ ఒకేసారి తుడిచేసింది.

బస్సు దిగి నడుస్తుంటే ఎండ ఇంకా ఉంది. ఇంట్లోకి వెళ్లేసరికి మా వాడు నీలం చొక్కా వేసుకుని ఉన్నాడు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. కుర్చీ కాస్త ఇటు జరుపుకుని, కిటికీ వైపు మొహం తిప్పి, గడ్డం ఎత్తి కూర్చున్నాడు. మా కోడలు సంచీ మేకుకి తగిలించి తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు మొదలైంది.

వాడు చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆఖరికి మొహం తిప్పకుండానే, "ఇవాళ లేదా?" అని అడిగాడు.

గిన్నెల చప్పుడు ఆగింది.

"ఇవాళ వెలుతురు చాలదండీ" అంది మా కోడలు లోపల్నుంచి.

కిటికీలోంచి పడుతున్న ఎండకి వాడు కళ్లు చిట్లించుకుని ఉన్నాడు. సరేనన్నట్టు తలాడించాడు. గడ్డం మాత్రం దించలేదు.